పీపా మనదైనా ముద్ర వాళ్ళదే

పోయిన నెల మన మండల కమిటీ సమావేశంలో ఒక కుర్రాడు సెల్‌ఫోన్ తీసి అందరికీ ఒక వీడియో చూపించాడు. అమెరికాలో ఎవరో ఒకాయన పెరట్లో షెడ్డు వేసుకుని, రాగి బట్టీ పెట్టుకుని, మొక్కజొన్న పులియబెట్టి సారా దించుతున్నాడు. దాన్ని బిందెంత చెక్క పీపాల్లో పోసి దాస్తున్నాడు. కొన్ని నెలలు పోయాక బిరడా తీస్తే నీళ్ళలా ఉన్న సరుకు తేనెరంగుకు తిరిగింది. "మన బెల్లం కిలోకి వచ్చేదెంత, ఆ సీసాకి వచ్చేదెంత? మనమూ నాలుగు పీపాలు పెట్టుకుంటే తప్పేంటి బాబాయ్?" అని అడిగాడు ఆ కుర్రాడు.

సగం మంది నవ్వారు. వెనక కూర్చున్న అక్కలు ఇద్దరు లేచి, "సారా మాట ఎత్తితే ఈ సంఘంలో మేముండం" అన్నారు. అధ్యక్షుడు గబగబా తర్వాతి అంశానికి వెళ్ళిపోయాడు.

అలా దాటెయ్యడం సరికాదని మేము అనుకుంటున్నాం. కుర్రాడి ప్రశ్నకు నవ్వు జవాబు కాదు. అక్కల కోపానికి మౌనమూ జవాబు కాదు. ఆ ప్రశ్నలో సగం తప్పుంది, సగం ఒప్పుంది. తప్పు సగాన్ని తప్పని చెప్పి, ఒప్పు సగాన్ని పట్టుకుని పోరాడాలి. అందుకే ఈ వ్యాసం.

పీపా ఏం చేస్తుంది, ఏం చెయ్యదు

ముందు ఆ పీపా సంగతి చూద్దాం. ఓక్ చెక్కను బద్దలుగా కోసి, నిప్పు సెగకు వంచి, ఇనప పట్టీలు బిగించి పీపా కడతారు. లోపలి గోడను మంటతో నల్లగా కాలుస్తారు. అందులో పోసిన సారా ఎండాకాలం చెక్కలోకి ఇంకుతుంది, చలికాలం బయటికొస్తుంది. వచ్చేటప్పుడు చెక్కలోని రంగు, వాసన మోసుకొస్తుంది. చిన్న పీపాలో సరుకు కొంచెం, దానికి తగిలే చెక్క ఎక్కువ. అందుకే రంగు త్వరగా ఎక్కుతుంది. వీడియోలో చూపించిన మాయ అంతే.

వీడియోలో చూపించనిది కూడా ఉంది. పీపాలోంచి సరుకు ఆవిరై పోతూనే ఉంటుంది. చలిదేశమైన స్కాట్లండులో ఏడాదికి నూటికి రెండు వంతులు పోతే, మన బెంగళూరు ఎండకు పది వంతుల దాకా పోతుంది. అంటే మన దగ్గర పీపా నింపి నాలుగైదేళ్ళు ఊరుకుంటే మూడో వంతు పైగా గాలికే పోతుంది. అంతకాలం పెట్టుబడి ఇరికించుకుని కూర్చోగలిగినవాడు కంపెనీవాడు. వడ్డీకి తెచ్చి చెరకు వేసినవాడు కాదు.

అన్నిటికంటే ముఖ్యం, పీపా రంగునిస్తుంది, వాసననిస్తుంది, ధరనిస్తుంది. విషాన్ని మాత్రం తియ్యదు. సరుకులో మిథనాల్ ఉంటే అది పదేళ్ళు పీపాలో ఉన్నా మిథనాలే. 2024 జూన్‌లో తమిళనాడు కళ్ళకురిచిలో కల్తీసారాకు అరవై మందికి పైగా కూలీనాలీ జనం చనిపోయారు. అక్కడ ప్రాణం తీసింది మిథనాలే. ఇంట్లో బట్టీ పెడితే నిప్పు పక్కనే ఆవిరి తిరుగుతుంటుంది. దొరికిన గొట్టాలతో అతుకులేస్తే సీసం దిగుతుంది. మన రాష్ట్రంలో అది నేరం కూడా. చివరికి ఆ పీపాల దేశంలోనే, 1979 నుంచి ఇంట్లో బీరు కాచుకోనిస్తున్నారు గానీ, ఇంట్లో సారా బట్టీ పెట్టడాన్ని వాళ్ళ కేంద్ర చట్టం 1868 నుంచి నిషేధించింది. దాన్ని కోర్టుల్లో సవాలు చేసినవాళ్ళూ ఉన్నారు.

కాబట్టి కుర్రాడికి మా మొదటి మాట: నాయనా, బట్టీ మాట వద్దు.

ఇక ఒప్పు సగం. "పంట పండించేది మనం, పంటలోంచి డబ్బు తీసేది ఇంకొకడు. ఎందుకలా?" అన్నదే అతని అసలు ప్రశ్న. దీనికి జవాబు కూడా ఆ పీపాలోనే ఉంది. ఆ దేశంలో పీపా రైతు చేతిలోంచి కంపెనీ చేతిలోకి ఎలా వెళ్ళిందో తెలుసుకుంటే మన బెల్లం కథ మనకే అర్థమవుతుంది.

గుర్రం వీపున ఆరు క్వింటాళ్ళు

అమెరికా బ్రిటిషువాళ్ళ నుంచి విడిపోయిన కొత్తలో పశ్చిమ పెన్సిల్వేనియా కొండల్లో చిన్నచిన్న రైతులుండేవాళ్ళు. గోధుమ జాతిదే, రై అనే ధాన్యం పండించేవాళ్ళు. మార్కెట్టు ఉన్నది కొండలు దాటాక తూర్పు తీరంలో. బండి నడిచే దారి సరిగ్గా లేదు. గుర్రం మీద వేస్తే నాలుగు బుషెళ్ళ ధాన్యం మోస్తుంది. మన లెక్కలో ఒక క్వింటా. అది అమ్మితే దారి ఖర్చులకే చాలదు.

అదే ధాన్యాన్ని ఇంటి బట్టీలో విస్కీగా దించి, ఎనిమిది గాలన్ల చెక్క పీపాలు రెండు, అటొకటి ఇటొకటి గుర్రానికి కడితే, ఇరవై నాలుగు బుషెళ్ళ ధాన్యం విలువ కొండ దాటేది. అంటే ఆరు క్వింటాళ్ళు. పీపా వాళ్ళకు విలాసం కాదు, రంగు కోసమూ కాదు. ధాన్యాన్ని చెడకుండా, ఒలకకుండా మార్కెట్టుకు చేర్చే గోనెసంచి లాంటిది. నాణేలు కరువైన ఆ కొండల్లో కూలీకి, కొట్టువాడికి కూడా విస్కీయే డబ్బులా చెల్లేది.

1791 మార్చిలో ఆర్థికమంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ విస్కీ మీద పన్ను తెచ్చాడు. యుద్ధకాలం అప్పులు తీర్చాలన్నాడు. ఆ అప్పు పత్రాలు అప్పటికి ఎవరి చేతుల్లో ఉన్నాయి? యుద్ధంలో నెత్తురోడ్చిన సిపాయిల దగ్గర కారుచౌకగా కొనేసిన సట్టా వ్యాపారుల చేతుల్లో చాలావరకు ఉన్నాయి. వాళ్ళకు కట్టడానికి రైతు పీపా మీద పన్ను.

ఆ పన్ను ఎలా వేశారో చూడండి. మన పాలకులు ఆ చట్టం చదివే నేర్చుకున్నారా అనిపిస్తుంది.

ఒకటి, పన్ను నగదుగానే కట్టాలి. నగదు లేని చోట నగదు అడిగారు.

రెండు, పెద్ద బట్టీవాడు ఏడాది పొడవునా దించుతాడు కాబట్టి మొత్తంగా ఒకే పన్ను కట్టేసి గాలనుకు 6 సెంట్లతో బయటపడేవాడు. పంట వచ్చినప్పుడు మాత్రమే దించే చిన్న రైతుకు గాలనుకు 9 సెంట్లు పడేది.

మూడు, బట్టీ ఉన్న ప్రతివాడూ పేరు నమోదు చేయించుకోవాలి. అధికారి వచ్చి పీపా కొలిచి దాని మీద ముద్ర వెయ్యాలి. ముద్ర లేని పీపా కనబడితే జప్తు.

నాలుగు, కేసు పడితే మూడు వందల మైళ్ళ దూరంలో ఉన్న ఫిలడెల్ఫియా కోర్టుకు పోవాలి. పోయి వచ్చేసరికి పంట పొలంలోనే పోతుంది.

రైతులు అర్జీలు పెట్టుకున్నారు. వినలేదు. 1794 జులైలో, కోర్టు సమన్లు ఇచ్చేవాళ్ళ వెంట తిరిగిన పన్ను అధికారి జాన్ నెవిల్ ఇంటి మీద పడ్డారు. కాల్పుల్లో మనుషులు పోయారు, ఇల్లు తగలబడింది. ఆ నెవిల్ కూడా పెద్ద బట్టీ ఉన్న ఆసామీయే. అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ దాదాపు 13 వేల మంది సైన్యాన్ని సమీకరించి, కొంతదూరం తానే నడిపించి ఆ రైతుల మీదికి పంపాడు. సైన్యం వచ్చేసరికి ఎదిరించేవాడే లేడు. ఇద్దరికి రాజద్రోహం కింద శిక్ష వేసి, తర్వాత క్షమించి వదిలారు. ఎన్నికల్లో గెలిచిన జెఫర్సన్ 1802లో ఆ పన్ను ఎత్తేశాడు.

ఇంకొక్క ముక్క చెప్పకపోతే ఈ కథ పూర్తి కాదు. సైన్యాన్ని పంపిన మూడేళ్ళకు, 1797లో, అదే వాషింగ్టన్ మౌంట్ వెర్నాన్‌లోని తన ఎస్టేటులో విస్కీ బట్టీ పెట్టాడు. 1799 నాటికి ఏడాదికి దాదాపు 11 వేల గాలన్లు, అంటే 40 వేల లీటర్ల పైచిలుకు, దించి అమ్మాడు. ఆ దేశంలోని పెద్ద బట్టీల్లో అదొకటి. అందులో పనిచేసిన చేతులు బానిసలవి.

వాళ్ళకు విస్కీ మీద కోపం లేదు. విస్కీని రైతు చేయడం మీదే కోపం. తాగుడు మాన్పించడానికి పంపిన సైన్యం కాదది. పీపా ఎవరి చేతిలో ఉండాలో తేల్చడానికి పంపిన సైన్యం.

నల్లబెల్లం నేరం

ఇక మన ఊరికి వద్దాం. కుక్కను చంపాలంటే ముందు పిచ్చిదని ముద్ర వెయ్యాలంటారు. అక్కడ పీపా మీద వేసిన ముద్ర ఇక్కడ బెల్లం దిమ్మ మీద వేస్తున్నారు.

చెరకు రైతు చేతిలో మిగిలిన ఒకే ఒక్క సొంత తయారీ బెల్లం. గానుగ ఆడించి, పెనంలో రసం కాచి, సున్నం వేసి మడ్డి తీసి, పాకం చూసి అచ్చుల్లో పోస్తే టన్ను చెరకుకు దగ్గర దగ్గర ఒక క్వింటా బెల్లం. మిల్లువాడు కాటా దగ్గర నిలబెడితే, నెలల తరబడి బకాయి పెడితే, ఆ పెనమే మన ధైర్యం.

ఆ బెల్లం కాస్త నల్లగా ఉంటే చాలు, "ఇది సారాకు పోయే సరుకు" అని దారిలో ఆపేస్తున్నారు. మా సంఘ సభ్యుడొకరి లోడును అలాగే తనిఖీ సిబ్బంది ఆపారు. ఎక్కడ కొన్నావు కాదు, ఎవరికి అమ్ముతున్నావు అని అడిగారు. రైతు సంతలో వేసే సరుకు చివరికి ఎవరింటికి పోతుందో రైతుకేం తెలుసు? రెండ్రోజులు లోడు ఆరుబయట ఉంది. చినుకు పడింది. అడుగు వరస దిమ్మలు చెమ్మగిల్లి కారిపోయాయి. చివరికి కేసు లేదు, కాగితం లేదు, "తీసుకుపో" అన్నారు. నష్టం ఎవరిస్తారని అడిగితే, కేసు పెట్టనందుకు సంతోషించమన్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

బెల్లం ఎందుకు నల్లబడుతుందో ఆ సిబ్బందికి ఎవరైనా చెప్పారా? చవుడు నేలలో పండిన చెరకు బెల్లం నల్లగా వస్తుంది. పడిపోయిన తోటదీ, ఆలస్యంగా నరికినదీ నల్లగానే వస్తుంది. ముఖ్యంగా, హైడ్రోస్ కలపని బెల్లం నల్లగా ఉంటుంది. తెల్లగా మెరిసే బెల్లం చాలావరకు ఆ రసాయనం మహిమే. రసాయనం వెయ్యొద్దు, ఆరోగ్యానికి చేటు అని ఒక శాఖ మీటింగు పెట్టి చెబుతుంది. వెయ్యకుండా తెస్తే నల్లగా ఉందని ఇంకో శాఖ దారిలో ఆపుతుంది. అదే నల్లబెల్లాన్ని పట్నంలో అందమైన డబ్బాలో పెట్టి, సేంద్రియమని రాసి రెండింతలకు అమ్మితే అడిగేవాడు లేడు.

డబ్బా మారితే నేరం కూడా మాఫీ. పెన్సిల్వేనియా రైతుకు ఇది కొత్తగా అనిపించదు.

టన్ను చెరకులో పది లీటర్లు

బెల్లం పెనం దగ్గర ఇంత కాపలా కాసేవాళ్ళు మిల్లు గేటు దగ్గర ఏం చేస్తున్నారో చూడండి.

మనం తోలిన టన్ను చెరకులో చక్కెర తీశాక 40, 45 కిలోల మొలాసిస్ మిగులుతుంది. దాన్ని డిస్టిలరీలో వేస్తే సుమారు 10 లీటర్ల స్పిరిట్ వస్తుంది. ఈ దేశంలో విస్కీ, బ్రాందీ అని రంగు సీసాల్లో అమ్మేదాంట్లో ఒక పెద్ద భాగం ఆ మొలాసిస్ స్పిరిట్టే. ఇప్పుడు పెట్రోల్లో కలిపే ఇథనాల్‌కూ చెరకే ఒక ముఖ్యమైన ముడిసరుకు. మిల్లుకు లాభం, డిస్టిలరీకి లాభం, ప్రభుత్వానికి పన్ను. ఆ 10 లీటర్లలో చెరకు రైతు వాటా ఎంత? సున్నా.

ఎప్పుడూ ఇలాగే లేదు. చెరకు నియంత్రణ ఉత్తర్వులో 5ఏ అని ఒక క్లాజు ఉండేది. మిల్లు లాభాల్లో రైతుకు వాటా ఇవ్వాలని అది చెప్పేది. 2009లో కనీస ధర తీసేసి ఎఫ్‌ఆర్‌పీ తెచ్చినప్పుడు ఆ క్లాజును కూడా తీసేశారు. 2012లో రంగరాజన్ కమిటీ చక్కెర, మొలాసిస్, పిప్పి, మడ్డి వీటన్నిటి విలువలో నూటికి 70 రైతుకు చెందాలంది. కానీ ఆ లెక్క మొలాసిస్ దగ్గరే ఆగింది. మొలాసిస్‌లోంచి తీసే స్పిరిట్, ఇథనాల్ దాకా పోలేదు. మనం అడగాల్సింది అక్కడ.

వేరే దేశాల్లో ఇదెప్పుడూ అసాధ్యం కాలేదు. ఫ్రాన్సులో ఆపిల్, ప్లమ్ తోటలున్న రైతుకు ఏడాదికి 10 లీటర్ల అసలు స్పిరిట్ పన్ను లేకుండా దించుకునే హక్కుండేది. ఊరూరా తిరిగే బట్టీ బండి దగ్గరికి పండు తెచ్చి, లెక్క రాయించుకుని దించేవాళ్ళు. పెద్ద కంపెనీలకు అదీ కంటగింపే, ప్రభుత్వానికి అదీ భయమే. 1960లో ఆ హక్కు వారసులకు పోకుండా ఆపేశారు. హంగేరీ ప్రభుత్వం 2010లో రైతు కుటుంబాలకు 50 లీటర్ల దాకా పన్ను మినహాయిస్తే, అది చెల్లదని 2014లో యూరప్ కోర్టు తీర్పిచ్చింది. రైతు చేతిలో చిన్న పీపా ఉన్నా పెద్దవాళ్ళకు నిద్రపట్టదన్నమాట.

అంత దూరం ఎందుకు? గోవాలో జీడిపండు రసంతో చేసే ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడ జీడిపండుకు ధర ఉంది. మన ఉద్దానంలో పిక్క తీసుకుని పండును చెట్టు కిందే కుళ్ళబెడుతున్నాం. మనకూ ఫెనీ కావాలని చెప్పడం లేదు. రసమో, జామో, పశువుల దాణానో, ఏదో ఒకటి చేసే సహకార యూనిట్ ఒక్కటైనా కావాలి కదా?

అక్కల కోపం న్యాయమైనదే

ఇక వెనక కూర్చున్న మా అక్కలకు జవాబు.

మీ కోపం వెనక 1992 దూబగుంట ఉంది. నెల్లూరు జిల్లాలో రోశమ్మలాంటి ఆడవాళ్ళు చీపుర్లు పట్టుకుని సారా దుకాణాల మీదికి వెళ్ళారు. ఆ దెబ్బకు 1993 అక్టోబర్ 1న సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం కూడా వచ్చింది. రెండేళ్ళు గడిచాక ఖజానా ఖాళీ అయిందని పాలకులే దాన్ని ఎత్తేశారు. ఆ పోరాటం మన సంఘానికి కూడా గర్వకారణం. దాన్ని తక్కువ చేసే మాట ఇందులో ఒక్కటి కూడా లేదు.

అయితే అప్పుడు మీరు తరిమిన సారా ఎక్కడ తయారైంది? రైతు పెరట్లో కాదు. డిస్టిలరీలో మొలాసిస్‌తో తయారైంది. వారుణి వాహిని అని పేరు పెట్టి, వేలంపాటల్లో కాంట్రాక్టర్లకు అప్పగించి, ప్యాకెట్లలో పోసి మారుమూల ఊళ్ళ దాకా పంపింది ప్రభుత్వమే. 1886 మద్రాసు అబ్కారీ చట్టం నుంచి ఇవాళ్టి దాకా పేరు మారింది గానీ పద్ధతి మారలేదు. ఊళ్ళో కాస్తే నేరం, ఖజానాకు కడితే వ్యాపారం. మన మగాళ్ళ జేబులోంచి కూలిడబ్బు లాగే దుకాణానికి లైసెన్సు ఉంది. మన బెల్లం బండికి మాత్రం అనుమానం.

కాబట్టి మీ పోరాటమూ మా పోరాటమూ వేరు కాదు. మీరు దుకాణం ముందు నిలబడ్డారు. మేము మిల్లు గేటు ముందు నిలబడుతున్నాం. రెండు చోట్లా ఎదుట ఉన్నవాడు ఒక్కడే.

మనం అడగాల్సింది

ఇంటింటా బట్టీ మా డిమాండు కాదు, కాబోదు. మా డిమాండ్లు ఇవి.

బెల్లం రంగు చూసి రైతును నేరస్తుణ్ణి చేయకూడదు. లోడు ఆపితే అక్కడికక్కడే కారణం రాసి రసీదు ఇవ్వాలి. నేరం రుజువు కాకపోతే పాడైన సరుకుకు నష్టపరిహారం ఇవ్వాలి. సారాకు వాడేవాణ్ణి పట్టుకోండి, పండించినవాణ్ణి కాదు.

చెరకు ధరలో చక్కెరతోపాటు మొలాసిస్, దాని నుంచి వచ్చే స్పిరిట్, ఇథనాల్ ఆదాయాన్ని కూడా లెక్కకట్టి రైతు వాటా చట్టంలో పెట్టాలి.

మూతపడిన సహకార మిల్లులు తెరవాలి. రసాయనం లేని బెల్లానికి రైతు సంఘాల పేరు మీదే ముద్ర, డబ్బా, మార్కెట్టు ఇవ్వాలి. జీడిపండు లాంటి పారబోసే పంటకు సహకార యూనిట్లు పెట్టాలి.

ఏజెన్సీలో ఇప్పపువ్వు మీద యాజమాన్యమూ, మత్తు పదార్థాలను అదుపు చేసే అధికారమూ 1996 పెసా చట్టం గ్రామసభకు, పంచాయతీకి ఇచ్చింది. ఊళ్ళో దుకాణం వద్దని గ్రామసభ అంటే వద్దే. ఇప్పపువ్వు ఏరుకున్న గిరిజనుడి బుట్టను పట్టుకోవడానికి మాత్రం ఎవడికీ హక్కు లేదు.

ఆ కుర్రాడు వచ్చే సమావేశానికి కూడా రావాలి. ఫోను తెచ్చుకోమనండి. ఈసారి వీడియో బదులు మన మండలంలో దారిలో ఆగిన బెల్లం లోడ్ల జాబితా అందులో ఎక్కించాలి. తేదీ, బరువు, పాడైన దిమ్మలు, ఇచ్చిన కాగితం, ఇవ్వని కాగితం అన్నీ రాయాలి. పెన్సిల్వేనియా రైతులు తుపాకీ పట్టి ఓడిపోయారు, ఓటు పట్టాక పన్ను ఎత్తేయించుకున్నారు. మనం లెక్కతో మొదలుపెడదాం. ప్రతి గ్రామ కమిటీ ఈ నెలాఖరులోగా తన జాబితా జిల్లా ఆఫీసుకు పంపాలి. అక్కలు కూడా తమ ఊరి దుకాణాల లెక్క అందులోనే రాయాలి. రెండు జాబితాలూ ఒకే అర్జీగా, ఒకే రోజు, ఒకే ఊరేగింపుగా కలెక్టరేటుకు పోతాయి.